కాట్‌పీసీఏ బైప్లాట్: బాణం కొన దగ్గర మొదలయ్యే అపోహ

నల్లగొండలో పరిశోధక విద్యార్థుల సర్వేలకు గణాంక విశ్లేషణలో సాయం చేస్తుంటాను. కాట్‌పీసీఏ అంటే వర్గాల రూపంలోని సమాధానాలకు సంఖ్యా విలువలిచ్చి (దీన్నే పరిమాణీకరణ అంటారు), చాలా చరరాశులను కాంపొనెంట్లనే కొద్ది అక్షాలకు కుదించే పద్ధతి. దాని ఫలితాన్ని చూపే బైప్లాట్ అనే చిత్రంలో ఇళ్లు చుక్కలుగా, లక్షణాలు (చరరాశులు) బాణాలుగా కనిపిస్తాయి. అందులో ఒక ఇంటి చుక్క బాణం కొనకు ఎంత దగ్గరగా ఉంటే ఆ ఇంట్లో ఆ లక్షణం అంత ఎక్కువన్న మాట ఏటా వింటూనే ఉన్నాను. సీనియర్లు చెప్పారంటూ హాస్టల్ గదుల్లో తిరిగే ఈ మాట పూర్తిగా తప్పు.

చూడవలసింది కొన నుంచి దూరం కాదు. చుక్క నుంచి బాణపు గీత మీదికి, అవసరమైతే ఆ గీతను రెండు వైపులా పొడిగించి, లంబం గీయాలి. లంబం పడిన చోటు బాణం చూపే దిశలో ఎంత ముందుంటే ఆ లక్షణపు అంచనా విలువ అంత ఎక్కువ. మూలబిందువు దగ్గర పడితే సగటు, దాని వెనుక పడితే సగటు కంటే తక్కువ.

మర్రిగూడ వైపు గ్రామాల్లో పళ్ల ఫ్లోరోసిస్‌ను దాని తీవ్రతను కొలిచే డీన్ సూచికలోని 6 తరగతుల్లో ఎంతో ఓర్పుగా నమోదు చేసిన ఒక విద్యార్థిని, కొన దగ్గరి ఇళ్లనే తీవ్ర బాధితులుగా రాసి, సిద్ధాంత గ్రంథం సమర్పించడానికి వారం ముందు కన్నీళ్లతో వచ్చింది. లంబాలు గీస్తే అత్యధిక విలువలు కొనకు ఆవల, చిత్రపు అంచున ఉన్న ఇళ్లవని తేలింది. ఆమె సేకరణలో లోపం లేదు. చిత్రాన్ని చదవడం ఆమెకు ఎవరూ నేర్పలేదు, అంతే. ఆ అధ్యాయాన్ని రెండు రాత్రులు కూర్చుని తిరగరాశాం.

లోడింగ్, అంటే బాణం కొన ఎక్కడుండాలో చెప్పే సంఖ్య, మనం ఇచ్చిన 1, 2, 3 కోడ్లకు సంబంధించినదన్నది మరో అపోహ. అది పరిమాణీకరించిన చరరాశికీ కాంపొనెంట్‌కూ మధ్య సహసంబంధం. బోరు, నల్లా, క్యాన్ నీళ్లు వంటి, వర్గాల మధ్య క్రమం లేని నామమాత్రపు (నామినల్) చరరాశికి లోడింగ్ 0.7 వచ్చినా, ఏ వర్గానికి ఏ విలువ దక్కిందో పరిమాణీకరణ పట్టికలో చూడనిదే దాని దిశకు అర్థం లేదు.

రుణ గుర్తును చూసి కంగారు పడవద్దు. ఒక కాంపొనెంట్‌లో లోడింగ్‌ల, చుక్కల గుర్తులన్నీ కలిసి తిరగబడినా ఫలితం మారదు. బైప్లాట్ అన్న పేరులోని ‘బై’ రెండు అక్షాలను కాదు, డేటా పట్టికలోని వరుసలనూ (ఇళ్లు) నిలువులనూ (చరరాశులు) ఒకే చిత్రంలో చూపడాన్ని సూచిస్తుంది. బాణాల మధ్య కోణం చరరాశుల సహసంబంధాన్ని సూచిస్తుంది గానీ, పొట్టి బాణాల మధ్య కోణాన్ని నమ్మవద్దు: లోడింగ్‌లు 0.3, 0.4 అయితే వాటి వర్గాల (స్క్వేర్ల) మొత్తం 0.25, అంటే ఆ చరరాశి వైవిధ్యంలో పావు వంతే ఆ చిత్రంలో ఉంది. 2 కాంపొనెంట్ల ఫలితం 3 కాంపొనెంట్ల ఫలితంలోని మొదటి రెండుతో సమానం కానక్కరలేదు గనుక, సంఖ్య మార్చినప్పుడల్లా పరిమాణీకరణ పట్టికను మొదటి నుంచి చదవాలి.