సముద్రమట్టం పెరిగి దీవి నుంచి ఊరు కదలాలంటే: అపోహలు – వాస్తవాలు

అపోహ: ఇళ్లలోకి సముద్రం వచ్చాకే తరలింపు మాట ఎత్తాలి.

వాస్తవం: ఇంటికన్నా ముందు బావి పోతుంది. పగడపు దీవుల్లో వాననీరు ఇసుకలోకి ఇంకి, అడుగునున్న ఉప్పునీటి మీద తేలుతూ నిలుస్తుంది. పెద్ద పోటుకు అలలు దీవి మీదుగా పొర్లితే ఆ మంచినీటిలోకి ఉప్పు పైనుంచి దిగుతుంది, చేమదుంపల గుంటలు చస్తాయి. పాపువా న్యూగినీలోని కార్టెరెట్ దీవుల వాళ్లకు తిండి కరువైంది ఇలాగే. కాబట్టి బావినీటి ఉప్పదనాన్ని నెలనెలా మీటరుతో కొలిచి రాసిపెట్టాలి. తర్వాత ప్రభుత్వాన్ని నిలదీయడానికి ఆ పుస్తకమే ఆధారం.

అపోహ: దీవులు వదిలే వాళ్లు ‘వాతావరణ శరణార్థులు’, అంతర్జాతీయ చట్టం చూసుకుంటుంది.

వాస్తవం: 1951 శరణార్థుల ఒప్పందంలో సముద్రమట్టం ఊసే లేదు. పసిఫిక్ దీవుల దేశం కిరిబాటికి చెందిన టెయిటియోటా సముద్రమట్టం పెరుగుతోందని ఆశ్రయం అడిగితే న్యూజిలాండ్ ఇవ్వలేదు. ప్రాణానికి ముప్పున్న చోటికి మనిషిని తిప్పి పంపకూడదని 2020లో ఐరాస మానవ హక్కుల కమిటీ చెప్పింది గానీ, ఆయన కేసులో తీర్పు మాత్రం న్యూజిలాండ్ వైపే వచ్చింది. పైగా చాలామంది సొంత దేశంలోనే ఇల్లు మారుతున్నారు, వాళ్లకు శరణార్థి చట్టం వర్తించనే వర్తించదు.

అపోహ: ఇళ్లు కట్టిస్తే పునరావాసం అయిపోయినట్టే.

వాస్తవం: ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. పనామాలోని గార్డీ సుగ్దుబ్ దీవిలోని గునా ఆదివాసీలు ఒడ్డుకు వెళ్దామని 2010లోనే కమిటీ వేసుకున్నారు. సుమారు 300 కుటుంబాలకు కొత్త ఊరు ఇస్బెర్యాలాలో తాళాలు అందింది 2024లో. నేల వాళ్ల స్వయంపాలిత ప్రాంతంలోనిదే, అంటే అన్నిటికన్నా కష్టమైన హక్కు చిక్కు వాళ్లకు లేదు. అయినా అంత కాలం పట్టింది! వెదురులాంటి గడలతో, తాటాకులాంటి ఆకులతో కట్టుకున్న ఇళ్ల నుంచి కాంక్రీటు గదుల్లోకి మారారు. కొందరు దీవిలోనే ఉండిపోయారు.

వరుస ఇలా ఉండాలి: ముందు భూమిపై సామూహిక పట్టా, ఆపైన ఏడాది పొడవునా అందే నీరు, నడుస్తున్న బడి, ఆసుపత్రి, పడవలు కట్టుకునే రేవు. ఇళ్లు ఆ తర్వాతే. రేవు దూరమైతే వేట ఖర్చు పెరుగుతుంది, యువకులు కూలికి పోతారు. ఉండిపోయినవాళ్లకు కరెంటు, వైద్యం ఆపడమంటే బలవంతంగా ఖాళీ చేయించడమే. పోలవరం ముంపు మండలాల గిరిజనుల గోడు విన్నవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు.

అపోహ: ఊరిపెద్ద సంతకం పెడితే సమ్మతి వచ్చినట్టే.

వాస్తవం: ఆదివాసీల హక్కులపై 2007 నాటి ఐరాస ప్రకటన పదో అధికరణం అడిగేది స్వేచ్ఛగా, ముందుగా, అన్నీ తెలిసి ఇచ్చే సమ్మతి. వీలైతే తిరిగి వెళ్లే అవకాశం కూడా ఉండాలంటుంది. స్థలం ఎంచకముందే, వాళ్ల భాషలో, ఆడవాళ్లతో విడిగా కూడా మాట్లాడాలి. ‘వద్దు’ అనే జవాబును కూడా రాసుకోవాలి.

అపోహ: మునిగే దీవికి ఖర్చు దండగ.

వాస్తవం: ఆస్ట్రేలియాకు చెందిన టోరెస్ జలసంధి దీవుల్లో పూర్వీకుల సమాధులు కొట్టుకుపోతున్నా సకాలంలో రక్షణ కల్పించకపోవడం వాళ్ల సంస్కృతి హక్కుకు, కుటుంబ జీవన హక్కుకు భంగమేనని 2022లో ఐరాస మానవ హక్కుల కమిటీ ఆస్ట్రేలియాను తప్పుపట్టింది. పరిహారం చెల్లించాలని, అక్కడే సురక్షితంగా బతికేలా చర్యలు తీసుకోవాలని చెప్పింది.