సోంపు వాసన వెనక ఒక పురుగు

ఏలూరు పక్కన ఒక పామాయిల్ తోటలో నడుస్తుంటే ఉన్నట్టుండి సోంపు వాసన కొట్టింది. హోటల్లో బిల్లుతో పాటు తెచ్చి పెడతారే, అచ్చం అదే. చుట్టుపక్కల సోంపు మొక్క ఒక్కటీ లేదు. తోట రైతు నవ్వి, మట్టల సందున ఉన్న పూగుత్తిని చూపించారు. "మగ గెలండీ. ఇప్పుడిప్పుడే విచ్చుకుంటోంది."

దగ్గరికి వెళ్ళి చూశాను. వేలెడంత కంకులు గుత్తుగా ఉన్నాయి, వాటి నిండా లేత పసుపు పుప్పొడి. ఆ పొడిలో చీమల్లాంటివి తెగ తిరుగుతున్నాయి. ఇంకాస్త వంగి చూస్తే అవి చీమలు కావు, ముక్కు పొడుగ్గా ఉన్న గోధుమరంగు పురుగులు. బియ్యంలో పట్టే ముక్కు పురుగుకి చుట్టాలే. పొడవు 4 మిల్లీమీటర్లు ఉంటుందేమో. "మందు కొట్టరా?" అని అడిగేశాను. "భలేవారే! ఇవి లేకపోతే మాకు గెలలే ఉండవు" అన్నారాయన. రైతులు దీన్ని వీవిల్ అనే అంటారు.

పామాయిల్ చెట్టుకి మగ గెలలు, ఆడ గెలలు విడివిడిగా వస్తాయి. ఒకే చెట్టుకి రెండూ కాస్తాయి గానీ, ఒకటి విచ్చుకునే వేళకి రెండోది సాధారణంగా ఉండదు. అంటే పుప్పొడి పక్క చెట్టు నుంచి రావాలి, అదీ ఆడ పూలు విచ్చుకుని ఉండే ఆ రెండు మూడు రోజుల్లోనే. మగ గెల ఈ పురుగుకి ఇల్లూ వాకిలీ. తిండి అక్కడే, గుడ్లు పెట్టేది అక్కడే, వాడిపోయిన మగ పూలు తింటూ పిల్లలు పెరిగేదీ అక్కడే. ఆడ గెల దగ్గర వీటికి దొరికేదేమీ లేదు. అయినా అది కూడా విచ్చుకున్నప్పుడు అదే సోంపు వాసన వదులుతుంది. ఆ వాసనకి ఆశపడి ఒంటినిండా పుప్పొడితో పురుగులు వచ్చి వాలతాయి, కాసేపు వెతుక్కుని వెళ్ళిపోతాయి. మొండిచెయ్యి చూపించి పని చేయించుకోవడమంటే ఇదే. పుప్పొడి అందిన పువ్వు నూనె పండు అవుతుంది. అందని పూలే ఎక్కువైతే గెల కుళ్ళిపోతుంది.

ఈ చెట్టు సొంతూరు పశ్చిమ ఆఫ్రికా. 1848లో జావా దీవిలోని బోగోర్ వృక్షోద్యానానికి నాలుగు మొక్కలు చేరాయి. ఆగ్నేయాసియా తోటలకి అవే మూలం. చెట్టు సముద్రం దాటింది, పురుగు మాత్రం అక్కడే ఉండిపోయింది. దాని లోటు చాలాకాలం ఎవరికీ తట్టలేదు, ఎందుకంటే పుప్పొడిని గాలే మోస్తుందని అందరి నమ్మకం. మలేషియాలో గెలలు సరిగా కట్టకపోతే కూలీలు టాల్కం పౌడర్లో కలిపిన పుప్పొడిని చెట్టు చెట్టుకీ తిరిగి ఆడ పూల మీద ఊదేవారు. వేల ఎకరాల్లో, ఏడాది పొడుగునా! పురుగు ఉచితంగా చేసే పనికి మనుషులకి జీతాలు.

మలేషియాలో యూనిలీవర్ కంపెనీ తోటల పెద్ద అధికారి లెస్లీ డేవిడ్సన్ అంతకుముందు ఆఫ్రికాలోని కామెరూన్‌లో పనిచేశారు. అక్కడి పూల మీద పురుగులు ముసురుకోవడం ఆయనకి బాగా గుర్తుంది. పాకిస్తాన్‌కి చెందిన కీటక శాస్త్రవేత్త రహ్మాన్ సయ్యద్ 1970లలో కామెరూన్ వెళ్ళి, అసలు పని గాలిది కాదు, ఈ పురుగులదే అని తేల్చారు. ఇంకో పంటని పాడు చేయవని పరీక్షించి నిర్ధారించుకున్నాకే, 1981లో మలేషియా తోటల్లో వదిలారు. కొద్ది కాలానికే పూలమీద పుప్పొడి ఊదే పని అక్కర్లేకుండా పోయింది. బయటి పురుగుని కొత్త దేశంలో వదిలి చేతులు కాల్చుకున్న కథలు చాలా ఉన్నాయి. ఇది మాత్రం కలిసొచ్చింది, కారణం దాని బతుకంతా ఆ ఒక్క చెట్టు పూలతోనే ముడిపడి ఉండటం.

మన దేశానికి ఇది 1985లో వచ్చింది, ముందు కేరళకి. ఇప్పుడు ఆంధ్ర, తెలంగాణల్లో పామాయిల్ విస్తీర్ణం పెరుగుతోంది. వంటనూనెలో సగానికి పైగా బయట నుంచే కొంటున్నాం కాబట్టి, 2021లో కేంద్రం ఈ పంట కోసం ₹11,040 కోట్లతో ప్రత్యేక పథకమే పెట్టింది. సబ్సిడీ మొక్కలు, డ్రిప్పు, ధర గురించి రోజూ మాట్లాడుకుంటాం. పాత తోటలు లేని ఊళ్ళో వేసిన కొత్త తోటకి పురుగు ఎక్కడినుంచి రావాలన్న ప్రశ్న మాత్రం తక్కువగా వినిపిస్తుంది.

జవాబు మరీ కష్టమైనదేం కాదు. మొదటి రెండు మూడేళ్ళు చెట్టు బలం పుంజుకోవాలని పూత ఎప్పటికప్పుడు తీసేస్తారు. తర్వాత పూత ఉంచేసే నాటికి, పాత తోటలో పురుగులు పట్టిన మగ గెలని కోసి, సంచిలో తెచ్చి కొత్త తోటలో పెడతారు. రెండు వారాల్లోపే కొత్త తరం పురుగులు బయటికొస్తాయి. "పెళ్ళికి పేరంటాళ్ళని తెచ్చుకున్నట్టేనండీ" అన్నారు ఆ రైతు, మగ గెలని ఒక్కసారి తట్టి. పుప్పొడీ పురుగులూ కలిసి గుప్పున లేచాయి. చొక్కా నిండా సోంపు వాసన.