జీతం చిట్టీ ఎప్పుడన్న పూర్తిగ చదివిన్రా? వర్సిటీ ఉద్యోగుల అపోహలు - వాస్తవాలు

నెల మొదటి వారం వచ్చిందంటే మా జీతాల సెక్షన్ కిటికీ కాడ మనుషులు నిలబడే ఉంటరు. "సార్, ఈసారి రెండు వేలు తక్కువ పడ్డయి", "అన్నా, పీఎఫ్ కటింగ్ పడ్డది గానీ మెసేజ్ రాలే", ఇట్ల. నేను ఈ సీట్ల కూర్చోబట్టి 14 ఏండ్లాయె. మా దిక్కు వర్సిటీలు కొత్తయి, నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీ 2007ల, మహబూబ్‌నగర్ పాలమూరు యూనివర్సిటీ 2008ల వచ్చినయి. ఒక్క కారిడార్ల రెగ్యులర్, కాంట్రాక్ట్, పార్ట్‌టైమ్, గెస్ట్, ఔట్‌సోర్సింగ్ అని ఐదు రకాల జీతాలు నడుస్తయి, ఒకరి రూల్ ఇంకొకరికి చెప్పుకొని అందరు ఆగమైతరు. రోజూ వినే మాటలు కొన్ని తీసుకొని రాస్తున్న.

అపోహ: జీవో వచ్చిందంటే మనకు కూడ వచ్చినట్టే.

వర్సిటీ ఉద్యోగి సెక్రటేరియట్ ఉద్యోగి లెక్క కాదు. వర్సిటీ ఒక చట్టం కింద నడిచే స్వతంత్ర సంస్థ, సర్కారు బ్లాక్ గ్రాంట్ (గుండుగుత్తగ ఇచ్చే పైసలు) ఇస్తది, మిగతాది ఫీజులు, సొంత ఆదాయం. అందుకే డీఏ జీవో టీవీల వచ్చిన రోజు మా బిల్లుల ఎక్కదు, అది మనకు వర్తిస్తదని ఉత్తర్వు రావాలె, చాలాసార్లు పాలకమండలి ఒప్పుకోవాలె, అప్పుడే బిల్లు. ఆలస్యమైనంత మాత్రాన పైసలు పోవు, ఏ తేదీ నుంచి అమలని రాస్తరో ఆ తేదీ నుంచి ఏరియర్స్ లెక్క కడతం. జీవోల ఎవరికి అని రాసిన లైన్ చదవకపోతే ఇంకో తిప్పలు. 2025 జనవరిల రిటైర్మెంట్ వయసు 65కు పెంచిన్రు అనంగనే నాన్ టీచింగ్ అన్నలు కూడ వచ్చి అడిగిన్రు, కానీ అది యూజీసీ స్కేళ్ల మీద ఉన్న రెగ్యులర్ టీచింగ్ వాళ్లకే.

అపోహ: పీఎఫ్ సంగతి ఏజెన్సీది, వర్సిటీకి సంబంధం లేదు.

దీని మీద కొంచెం ఎక్కువ రాస్త, ఎందుకంటే ఎక్కువ నష్టపోయేది ఇక్కడనే, నష్టపోయేది కూడ తక్కువ జీతమోళ్లే. ఊడ్చే అక్కలు, సెక్యూరిటీ, అటెండర్లు, కంప్యూటర్ ఆపరేటర్లు చానామంది ఏజెన్సీ మీద ఉంటరు. 15,000 జీతం అనుకోండి, బేసిక్, డీఏ కలిపి. అందుల 12 శాతం అంటే 1,800 మీ వాటా కట్ అయితది. ఇంకో 1,800 యజమాని వాటా, దాంట్ల 1,250 పెన్షన్ ఖాతాకు, 550 పీఎఫ్‌కు పోతది. ఈ రెండో 1,800 మీ జీతంలకెల్లి కొయ్యడానికి ఎవరికీ హక్కు లేదు, పీఎఫ్ స్కీమే వద్దంటది. కొన్ని ఏజెన్సీలు రెండు వాటాలు మీ చేతికి వచ్చేదాంట్ల నుంచే తీస్తయి, చిట్టీ ఇయ్యరు కాబట్టి తెల్వదు. అందుకే చిట్టీ అడగాలె, అడిగితే ఉద్యోగం పోతదన్న భయం ఉంటే నలుగురు కలిసి అడగాలె.

ఇగ వర్సిటీకి సంబంధం లేదనే మాట తప్పు. కాంట్రాక్టర్ ద్వారా పని చేయించుకున్నా పీఎఫ్ జమ అయ్యేటట్టు చూసే బాధ్యత అసలు యజమానిదే, అంటే వర్సిటీది. నా సీట్ల ఉన్నోళ్లకు నేను చెప్పేదొకటే, ఏజెన్సీ బిల్లు పాస్ చేసేముందు కిందటి నెల పీఎఫ్ చలాన్ (పైసలు కట్టిన రసీదు) చూసి ఊకోవద్దు, చలాన్‌తో పాటు పేర్ల లిస్టు ఉంటది, అది తెప్పించి మన హాజరు పట్టీతో ఒక్కొక్క పేరు కలపాలె. చలాన్ మీద మొత్తం కరెక్టే ఉంటది, లోపల చూస్తే మన దగ్గర పనిచేసే 40 మందిల నలుగురి పేర్లు ఉండవు. నేను కండ్లార చూసిన. జమ చేసే గడువు మరుసటి నెల 15, కాబట్టి 16 నాడు ఎవరైనా తమ పాస్‌బుక్ చూసుకోవచ్చు. యూఏఎన్ (పీఎఫ్ల మనిషికి ఇచ్చే నంబర్) యాక్టివేట్ అయి, ఫోన్ నంబర్ ఎక్కి ఉంటే 9966044425కు మిస్డ్ కాల్ ఇస్తే బ్యాలెన్స్ మెసేజ్ వస్తది, స్మార్ట్ ఫోన్ అక్కర్లేదు.

టెండర్ మారినప్పుడల్లా ఇంకో అపోహ నడుస్తది, పాత ఏజెన్సీ పోయింది కాబట్టి పాత పీఎఫ్ తీసేసుకోవాలె అని. అట్ల తీసుకున్నప్పుడు పెన్షన్ పైసలు కూడ తీసుకుంటే అప్పటిదాక చేసిన సర్వీసు సున్నా అయితది. పెన్షన్‌కు 10 ఏండ్ల సర్వీసు కావాలె, 58 ఏండ్లకు వస్తది. మూడేండ్లకు ఒకసారి ఏజెన్సీ మారుకుంట, మారినప్పుడల్లా ఐదారు వేల కోసం పెన్షన్ ఖాతా ఖాళీ చేసుకుంట 12 ఏండ్లు పనిచేసినోళ్లు ఉన్నరు, వాళ్ల కాగితాల మీద 10 ఏండ్లు ఎక్కడా లేవు. మనిషికి యూఏఎన్ ఒక్కటే ఉండాలె. కొత్త ఏజెన్సీ వాడు కొత్త నంబర్ తీస్తానంటే వద్దని పాతది ఇయ్యండి, ఆ తర్వాత ట్రాన్స్‌ఫర్ పెట్టండి.

జీతం 21,000 లోపు ఉంటే ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) కూడ ఉంటది. మీ వాటా 0.75 శాతం, యజమానిది 3.25 శాతం. జీతం పెరిగి 21,000 దాటిన నెలనే కార్డు బంద్ కాదు, ఏప్రిల్ నుంచి సెప్టెంబర్, అక్టోబర్ నుంచి మార్చి అని రెండు ఆరునెలలు ఉంటయి, ఆ ఆరునెలలు అయిపోయేదాక కటింగ్ నడుస్తది, వైద్యం కూడ నడుస్తది.

అపోహ: నామినీ పేరు ఉద్యోగంల చేరినప్పుడే ఇచ్చిన, అయిపోయింది.

నేను కొత్తగ వచ్చిన రోజులల్ల ఒక అటెండర్ గుండెపోటుతోని పోయిండు. 35 ఏండ్లు కూడ లెవ్వు. చేరినప్పుడు పెండ్లి కాలే కాబట్టి వాళ్ల అన్న పేరు రాసిచ్చిండు. పెండ్లయింది, ఇద్దరు పిల్లలు, కాగితం మాత్రం అట్లనే ఉన్నది. ఆ చెల్లె చంకల చిన్నోన్ని ఎత్తుకొని ఎనిమిది నెలలు తిరిగింది. రూల్ ఆమె దిక్కే ఉన్నది, పెండ్లికి ముందు ఇచ్చిన నామినేషన్ పెండ్లయి కుటుంబం ఏర్పడంగనే దానంతట అదే చెల్లకుండ పోతది, అన్న పేరుకు విలువ లేదు. కానీ నామినీ లేనట్టే అయింది కాబట్టి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, తహసీల్దార్ ఆఫీసు, ఆధార్‌ల ఒక పేరు, రేషన్ కార్డుల ఇంకో పేరు, అన్నీ సరిచేసుకొని రావాల్సి వచ్చింది. ఆమెకు మా సెక్షన్ల ఎవరమూ మొదటి రోజే పూర్తిగ చెప్పలేదు, అది నాకు ఇప్పటికీ యాదికి వస్తది.

పీఎఫ్ ఉన్న మనిషి సర్వీసుల ఉండంగ చనిపోతే మూడు వస్తయి. పీఎఫ్ల జమైన మొత్తం ఒకటి. ఈడీఎల్ఐ (పీఎఫ్‌తోని ముడిపడ్డ జీవిత బీమా) ఇంకొకటి, దీనికి మీ జీతంలకెల్లి పైస కట్ కాదు, యజమానే కడతడు, ఏడాది పైన వరుస సర్వీసు ఉంటే తక్కువల తక్కువ రెండున్నర లక్షలు, ఎక్కువల ఎక్కువ 7 లక్షలు. మూడోది భార్యకు, పిల్లలకు పెన్షన్. దీనికి 10 ఏండ్లు నిండాలె అనుకొని మస్తు మంది అప్లై కూడ చెయ్యరు, 10 ఏండ్ల లెక్క మనిషి బతికుండి తీసుకునే పెన్షన్‌కు, సర్వీసుల చనిపోతే ఒక్క నెల పెన్షన్ చందా జమై ఉన్నా కుటుంబానికి పెన్షన్ వస్తది. ఈ ఒక్క లైన్ మీ ఇంట్ల చెప్పి పెట్టండి.

అపోహ: హైదరాబాద్‌ల ఉంటున్న, నాకు హైదరాబాద్ హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) రావాలె.

ఎల్బీనగర్ నుంచి నార్కట్‌పల్లి మీదుగ పొద్దున బస్సుల వచ్చేటోళ్లు, షాద్‌నగర్, జడ్చర్ల దాటి మహబూబ్‌నగర్ వచ్చేటోళ్లు చానామంది ఉన్నరు, వాళ్ల కష్టం నాకు తెలుసు. కానీ హెచ్‌ఆర్‌ఏ శాతం పనిచేసే ఊరును బట్టి, ఉండే ఊరును బట్టి కాదు. హైదరాబాద్‌కున్న 24 శాతం ఇక్కడి పోస్టుకు రాదు. ట్యాక్స్ మినహాయింపు వేరే సంగతి, మినహాయింపులు ఉండే పాత ట్యాక్స్ విధానంల ఉంటే మీరు నిజంగ కట్టిన అద్దె లెక్కకు వస్తది, ఏడాదికి లక్ష దాటితే ఇంటి ఓనర్ పాన్ ఇయ్యాలె. ఉత్తుత్త రసీదులు మాత్రం తేకండి, ఓనర్ పాన్ మీద ఆ అద్దె కనపడకపోతే నోటీసు మీ ఇంటికే వస్తది.

అపోహ: ఫిబ్రవరిల జీతమంత ట్యాక్స్‌కే పట్టుకుంటరు, ఆఫీసోళ్లు కావాలని చేస్తరు.

ఏడాది ట్యాక్స్ అంచనా వేసి నెలనెలా సమానంగ కొయ్యాలనే చట్టం ఉన్నది. ఏప్రిల్‌ల డిక్లరేషన్ అడిగితే డిసెంబర్‌ల ఇస్తరు, అప్పటిదాక మా దగ్గర లెక్క ఉండదు, ఆఖరికి రెండు నెలల మీద పడతది. ఏప్రిల్‌లనే ఒక కాగితం మీద రాసిస్తే చాలు. ఇంకో మాట, కొత్త విధానం టిక్ పెట్టినంక మారదని భయపడతరు. ఆఫీసుకు చెప్పింది టీడీఎస్ (జీతంలనే ట్యాక్స్ కొయ్యడం) కోసమే, వ్యాపార ఆదాయం లేనోళ్లు రిటర్న్ వేసేటప్పుడు ఏ ఏడాదికి ఆ ఏడాది మార్చుకోవచ్చు, పాత విధానం కావాలంటే మాత్రం గడువు లోపలనే వెయ్యాలె. 2025-26కు కొత్త విధానంల స్టాండర్డ్ డిడక్షన్ 75,000తో కలిపి జీతం 12.75 లక్షల దాక ట్యాక్స్ పడదు, కాబట్టి హోమ్ లోన్ లేని చానామందికి అదే నయం.

ఏరియర్స్ ఒక్కసారి పడి ట్యాక్స్ శ్లాబు ఎగిరితే ఆ భారం తగ్గించే రిలీఫ్ కోసం ఫారం 10ఇ వెయ్యాలె, రిటర్న్ కన్నా ముందు వెయ్యాలె, వెనుకనుంచి వేస్తే రిలీఫ్ కొట్టేస్తరు. గెస్ట్ ఫ్యాకల్టీ తమ్ముళ్లు, పేపర్లు దిద్దినోళ్లు "10 శాతం కట్ చేసిన్రు, పోయినయి" అనుకుంటరు. పోలే. మీ మొత్తం ఆదాయం మీద ట్యాక్స్ లేకపోతే రిటర్న్ వేస్తే అంతా వాపస్ వస్తది. పాన్ నంబర్ తప్పు ఇస్తే మాత్రం 20 శాతం కట్ అయితది, మీ పాన్ మీద కనపడదు కూడ.

వృత్తి పన్ను ఇన్‌కం ట్యాక్స్ వేరు వేరు. జీతం 15,000 దాటితే నెలకు 150, 20,000 దాటితే 200, అంతే.

అపోహ: సీపీఎస్ (చందా పెన్షన్) పైసలు రిటైరైనంకనే చూసేది.

2004 సెప్టెంబర్ 1 నుంచి చేరిన రెగ్యులర్ ఉద్యోగులు సీపీఎస్ల ఉంటరు, బేసిక్, డీఏ మీద 10 శాతం మీది, 10 శాతం యాజమాన్యానిది. మూడేండ్లు దాటితే పిల్లల చదువు, పెండ్లి, ఇల్లు, పెద్ద రోగం అసుంటి వాటికి మీ సొంత వాటాల 25 శాతం దాక తీసుకోవచ్చు. అంతకన్నా ముఖ్యం, మీ ప్రాన్ (సీపీఎస్ నంబర్) ఖాతాల రెండు వాటాలు పడుతున్నయా చూడండి. జీతంల కట్ అయిన నెల, ఖాతాల పడ్డ నెల పక్కపక్కన రాసుకోండి. ఖాళీ ఉంటే రాతపూర్వకంగ అడగండి, నోటి మాటకు మా ఫైల్ల జాగ లేదు.

అపోహ: కాంట్రాక్ట్ మేడమ్‌లకు జీతంతో ప్రసూతి సెలవు లేదు.

చట్టం పర్మనెంటా కాదా అని చూడదు. ప్రసవానికి ముందటి 12 నెలల్ల 80 రోజులు పనిచేసి ఉంటే ఇద్దరు పిల్లల దాక 26 వారాలు. రోజుకూలి మీద మస్టర్ రోల్ల పనిచేసే ఆడోళ్లకు కూడ ఇది ఉంటదని సుప్రీంకోర్టు 2000ల ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్ కేసుల చెప్పింది. ఈఎస్ఐ ఉన్నోళ్లకు ఆ పైసలు ఈఎస్ఐ నుంచే వస్తయి. రాజీనామా చేసి మళ్ల చేరమని ఎవరన్నా అంటే సంతకం పెట్టకండి, సెలవు దరఖాస్తు ఇచ్చి అందినట్టు ముద్ర వేయించుకోండి.

కిందటి నెల 16 నాడు క్యాంపస్ ఊడ్చే అక్కలు ఐదుగురు మధ్యాహ్నం వచ్చిన్రు. ఒక్కొక్కరితోని మిస్డ్ కాల్ కొట్టించిన. నలుగురికి మెసేజ్ వచ్చింది. ఐదో ఆమెకు రాలే, ఆధార్‌ల పేరు ఒక తీరు, పీఎఫ్ల ఒక తీరు ఉండి ఆరేండ్ల సంది యూఏఎన్ యాక్టివేటే కాలే. పేరు సరిచెయ్యమని జాయింట్ డిక్లరేషన్ (ఉద్యోగి, యజమాని కలిసి ఇచ్చే దరఖాస్తు) పెట్టినం. ఈ నెల 16 నాడు మళ్ల రమ్మన్న, ఆమెతోని పాటు ఇంకెవరన్నా వస్తే ఆధార్, బ్యాంక్ పాస్‌బుక్, నెల జీతం చిట్టీ తెచ్చుకోండి, మూడు గంటల తర్వాత కిటికీ కాడ ఖాళీగనే ఉంట.