వాన వెలిసిన రాత్రి నీరటి ఎందుకు పడుకోడు?

చిట్టికీ, మిగతా మనుమలకూ మనుమరాళ్ళకూ తాత ఆశీస్సులు.

డెంగీ తగ్గి చిట్టి ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిందనీ, రెండు పూటలా అన్నం తింటోందనీ నిన్న మీ నాన్న ఫోనులో చెప్పాడు. నాకు కడుపు నిండినట్టయింది. అంతలో చిట్టి ఫోను లాక్కుని అడిగింది: "తాతా, నాలుగో రోజే జ్వరం పోయింది గదా. అయినా సిస్టర్ అర్ధరాత్రి లేపి నాడి చూసేది, పాదాలు ముట్టుకునేది, ఒంటికి పోయినవా అని అడిగేది. జ్వరం ఉన్నప్పుడు నాలుగు గంటలకోసారి వచ్చింది, పోయినంక గంటకోసారి వచ్చింది. ఎందుకట్లా?"

ఫోనులో రెండు ముక్కల్లో తేలేది కాదిది. అందుకే రాస్తున్నాను. అందరూ చదవండి, వానాకాలం ఇంకా పోలేదు.

నా చిన్నప్పుడు మా ఊరి చెరువుకు ఒక నీరటి ఉండేవాడు. చెరువులో నీళ్ళెన్ని ఉన్నాయి, ఎవరి మడికి ఎంతసేపు వదలాలి, అంతా ఆయన చూసుకోవలసిందే. నేను పెదబాపు అని పిలిచేవాణ్ణి. మా వైపువన్నీ గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండితే దాని మత్తడి, అంటే ఎక్కువైన నీళ్ళు పొర్లిపోయే చోటు, దుంకి కింది చెరువుకు నీళ్ళొస్తాయి.

ఒక ఏడు ముసురు పట్టి మూడు రోజులు వదల్లేదు. నాలుగోనాడు సాయంత్రానికి వెలిసింది. చుక్కలు కనిపించాయి. ఊరంతా హమ్మయ్య అనుకుని పడుకుంది. పెదబాపు మాత్రం కందీలు వెలిగించుకుని, భుజాన పార వేసుకుని కట్ట మీదికి బయలుదేరాడు. నేను వెంటపడ్డాను. "వాన పోయింది గదా, ఇంకేం చూస్తవ్?" అన్నాను. "వాన పోయింది గానీ నీళ్ళు ఇంకా రాలే బిడ్డా" అన్నాడు.

తూము దగ్గర రాతి మీద గీతలుండేవి. కందీలు కిందికి దించి నీళ్ళు ఏ గీత దాకా వచ్చాయో చూశాడు. తర్వాత కట్ట వెనక వైపు దిగి మట్టికి అరచేయి ఆనించాడు. ఒకచోట సన్నగా నీరు ఊరుతోంది. దోసిట్లో పట్టి వెలుగు దగ్గర పెట్టి చూశాడు. "తేటగున్నది. ఫరవాలేదు. బురదనీళ్ళు ఊరితే కట్ట లోపలి మన్ను పోతున్నట్టు. అప్పుడు ఊరిని లేపాలె" అన్నాడు. తెల్లారేలోగా అట్లా నాలుగుసార్లు దిగి చూశాడు. కట్టకు ఏమీ కాలేదు.

చిట్టీ, మీ సిస్టర్ చేసింది అచ్చంగా ఇదే. డెంగీలో అసలు గండం జ్వరం కాగుతున్నప్పుడు కాదు, దిగినప్పుడు. మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య జ్వరం దిగే వేళకి, కొందరిలో సన్న రక్తనాళాల గోడలు చెమ్మపట్టిన కట్టలాగా అయి, రక్తంలోని నీరు బయటికి ఊరిపోతుంది. ఆ ఊట ఒకటి రెండు రోజులే ఉంటుంది. అందరూ ప్లేట్‌లెట్లు, అంటే నెత్తురు గడ్డకట్టడానికి పనికొచ్చే కణాలు, ఎన్నున్నాయని అడుగుతారు. సిస్టర్ చూపు మాత్రం నీటి మట్టం మీదే ఉంటుంది.

నీళ్ళు తక్కువైన ఏడు నీరటి ఏం చేస్తాడు? దూరపు మళ్ళకు బందు పెట్టి, ఉన్న నీళ్ళు దగ్గరి మళ్ళకు తిప్పుతాడు. ఒళ్ళు కూడా అంతే. గుండెకూ మెదడుకూ తక్కువ కాకూడదని చేతులకూ కాళ్ళకూ పోయే దారులు బిగిస్తుంది. కాబట్టి ఆఖరి మడి ముందు ఎండుతుంది, పాదం చల్లబడుతుంది. నీ వేలిగోరు నొక్కి వదిలితే తెల్లబడిన చోటు రెండు సెకన్లలో మళ్ళీ ఎర్రబడాలి. ఆలస్యమైతే ఆఖరి మడికి నీరు సరిగా అందడం లేదేమోనని సిస్టర్‌కు అనుమానం. ఇక ఒంటికి పోయినవా అని ఎందుకు అడిగిందో నువ్వే చెప్పగలవు. మత్తడి దుంకుతోందంటే చెరువులో నీళ్ళున్నట్టు. అది సిగ్గుపడే ప్రశ్న కాదమ్మా, ఎవరడిగినా ఉన్నదున్నట్టు చెప్పాలి.

చేతికి పట్టీ చుట్టి బీపీ చూసేది కూడా తూము పనే. తూము తలుపు పూర్తిగా మూస్తే చప్పుడుండదు. కాస్త ఎత్తితే నీళ్ళు బుసకొడుతూ దూకుతాయి. మొత్తం ఎత్తేస్తే మళ్ళీ చప్పుడు లేకుండా పారుతాయి. పట్టీలో గాలి నింపి రక్తనాళాన్ని మూసి, మెల్లగా వదులుతూ స్టెతస్కోపుతో వింటారు. మొదటి టక్ వినిపించినచోట పై అంకె, చప్పుడు ఆగినచోట కింది అంకె. ఆ చప్పుళ్ళతో బీపీ చూడొచ్చని 1905లో కొరొట్కాఫ్ అనే రష్యా వైద్యుడు చెప్పాడు.

డెంగీలో సిస్టర్ ఆ రెండింటి మధ్య ఎడం చూస్తుంది. 100 మీద 65 ఉంటే ఎడం 35. గంట తర్వాత 100 మీద 80 వచ్చిందనుకో. పై అంకె మారలేదు కదా అని నేనైతే ఊరుకుంటాను. ఎడం 20కి పడిందని, అంటే నీటి మట్టం తగ్గుతోందేమోనని, ఆమె డాక్టరు దగ్గరికి పరుగెత్తుతుంది.

ఒక్క గీత చూసి నీరటి ఏమీ చెప్పడు. నిన్న ఎక్కడుంది, ఇప్పుడెటు పోతోంది అనేదే ఆయన లెక్క. నీ మంచం దగ్గర కాగితం మీద సిస్టర్ గంటగంటకూ రాసినవి ఆ రాతి గీతలే. నాడి 120 అంటే మంచిదా చెడ్డదా? మెట్లన్నీ ఎక్కి వచ్చిన పిల్లకు మంచిదే. జ్వరం లేకుండా నిద్రపోతూ, పాదాలు చల్లగా ఉన్న పిల్లకు అదే 120 గండం. అంకె ఒకటే, పిల్ల వేరు. ఒక్కోసారి అంకెలన్నీ సరిగ్గానే ఉన్నా "ఈ పిల్ల ఎందుకో తేడాగా ఉంది" అని సిస్టర్ డాక్టరును లేపుతుంది. అది ఎట్లా తెలుస్తుందో నేను విడమరిచి చెప్పలేను. పెదబాపు కూడా కొన్ని రాత్రులు గీత చూడకముందే నడక వేగం పెంచేవాడు.

ఇంకొక సంగతి నువ్వు కనిపెట్టి ఉండవు. నాడి లెక్క అయిపోయాక కూడా సిస్టర్ నీ మణికట్టు వదలదు. చూపు మాత్రం నీ పొట్ట మీదికి పోతుంది. అప్పుడామె లెక్కపెట్టేది ఊపిరి. ముందే చెబితే నీ ఊపిరి మారిపోతుంది మరి! గుండెను నువ్వు ఆపమన్నా ఆగదు, తొందరపడమన్నా తొందరపడదు. నిమిషానికి 72 చొప్పున వేసుకున్నా రోజుకు లక్ష పైన కొడుతుంది, నిన్ను ఒక్క మాట అడక్కుండా. ఊపిరి మాత్రం గమనిస్తే చాలు, తడబడుతుంది. నాకు డెబ్భై ఏళ్ళు దాటినా ఇది తలచుకుంటే ఆశ్చర్యంగానే ఉంటుంది.

వచ్చే వారం పరీక్షకు వెళ్ళినప్పుడు ఆ సిస్టర్‌ను వెతికి, నమస్కారం పెట్టి రా. నీ నిద్ర చెడగొట్టిందని కోపంగా ఉన్నావని విన్నాను. ఆమె అసలు పడుకోనే లేదు.

ఈలోగా ఒక పని చెయ్యండి. మధ్యాహ్నం నానమ్మ కునుకు తీసేటప్పుడు చప్పుడు చెయ్యకుండా పక్కన కూర్చోండి. పొట్ట లేచి దిగితే ఒకటి. నిమిషం నిండేదాకా గడియారం చూస్తూ లెక్కపెట్టండి. పెద్దవాళ్ళకు 12 నుంచి 20 దాకా వస్తుంది. ఎంతొచ్చిందో ఉత్తరంలో రాయండి. నానమ్మకు మాత్రం ముందు చెప్పకండి.

మీ తాత