ట్రాన్స్‌ఫార్మర్ ఆన్ చేయగానే ఎంసీబీ పడిపోతోందా? ముందు ఆంపియర్లు పెంచుడు బంద్ చేయండి

మిర్యాలగూడ మిల్లు ప్యానెల్ ముందైనా, జడ్చర్ల వెల్డింగ్ షాపులోనైనా, ఇంట్లో స్టెబిలైజర్ దగ్గరైనా ఒకటే సలహా: "ఎంసీబీ చిన్నగున్నది, పెద్దది పెట్టు." ఎంసీబీ అంటే కరెంటు హద్దు దాటితే తానే పడిపోయి లైన్ తెంపే స్విచ్. ఈ మాట విన్నవాళ్ల వైర్లే కాలుతున్నాయి.

అపోహ: 10 ఆంపియర్లది తీసి 32 పెడితే సరిపోతుంది.

వాస్తవం: పడడం ఆగుతుందేమో గానీ వైరుకు కాపలా పోతుంది. 230 వోల్టుల 2 కేవీఏ ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్‌నే తీసుకోండి. ఫుల్ లోడ్ 8.7 ఆంపియర్లు. వోల్టేజ్ సున్నా దాటే క్షణంలో స్విచ్ ఆన్ అయితే కోర్‌లో ఫ్లక్స్ (అయస్కాంత ప్రవాహం) మామూలుకు రెట్టింపు దాకా పోతుంది. పోయినసారి ఆపినప్పుడు కోర్‌లో మిగిలిన అయస్కాంతత్వం కూడా అటే ఉంటే ఇంకా పైకి. కోర్ సాచురేట్ అవుతుంది, అంటే ఇక అయస్కాంతత్వం పట్టలేదు, అప్పుడు కరెంటును ప్రధానంగా ఆపేది వైండింగ్ రాగి, సర్వీస్ వైరు రెసిస్టెన్స్. మొదటి 10 మిల్లీసెకన్లలోనే వంద ఆంపియర్లు దాటొచ్చు. దీన్నే ఇన్‌రష్ అంటారు. కొన్ని సైకిళ్లలో దిగిపోతుంది.

సి-10 ఎంసీబీ (సి రకం, 10 ఆంపియర్లు) 5 నుంచి 10 రెట్ల మధ్య, అంటే 50-100 ఆంపియర్లకు వెంటనే పడుతుంది. డి-10 అయితే 100 దాకా ఓర్చుకుంటుంది, 100-200 మధ్య వెంటనే పడుతుంది. మార్చాల్సింది అంకె కాదు, దాని ముందున్న అక్షరం.

32 పెడితే 36 ఆంపియర్లు గంటసేపు పారినా అది పడదు. పైపులో పోయే రెండున్నర ఎంఎం వైరు అంత మోయలేదు. అలాంటి బోర్డు విప్పి చూడండి: స్క్రూ దగ్గర ఇన్సులేషన్ గోధుమరంగుకు తిరిగి ఉంటుంది, వేలితో వంచితే పెంకులా విరుగుతుంది.

డి పెట్టే ముందు ఒక లెక్క. షార్ట్ అయితే డి-10 కచ్చితంగా పడాలంటే 200 ఆంపియర్లు రావాలి, అంటే లూప్ రెసిస్టెన్స్ (షార్ట్ కరెంటు పోయి తిరిగొచ్చే దారి మొత్తం రెసిస్టెన్స్) 1.15 ఓమ్‌లు దాటొద్దు. ఊరి చివర, పొడుగు సర్వీస్ వైరు మీద ఉన్న ఇంట్లో ఇది కొలవకుండా పెట్టొద్దు. ఎక్కువుంటే సి-10నే ఉంచి సాఫ్ట్ స్టార్ట్ కట్టండి.

సాఫ్ట్ స్టార్ట్ ఇలా: ప్రైమరీకి (సప్లై వచ్చే వైండింగ్) సిరీస్‌లో 10 ఓమ్‌లు, 50 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్. దానికి సమాంతరంగా కాంటాక్టర్ (కాయిల్‌తో పనిచేసే పెద్ద స్విచ్) కాంటాక్ట్. కాయిల్‌కు, టైమర్‌కు సప్లై రెసిస్టర్‌కు ముందు నుంచే తీయాలి, టైమర్ అర సెకను. ఆ తర్వాత కాంటాక్ట్ మూసుకుని రెసిస్టర్‌ను తప్పిస్తుంది. ఇలా కడితే పీక్ 33 ఆంపియర్లు మించదు. అసలు చిక్కు లో వోల్టేజ్‌తో. 230 వోల్టుల కాయిల్ 195 కంటే తక్కువలో పట్టకపోవచ్చు. పట్టకపోతే లోడ్ కరెంటు మొత్తం రెసిస్టర్ గుండానే పారి వందల వాట్ల వేడి పుడుతుంది, కొద్దిసేపట్లోనే పొగ. అందుకే రెసిస్టర్ ఒంటికి ఒక థర్మల్ కటౌట్ తగిలించి, లైన్‌ను తెంపేలా కట్టాలి. దీన్ని మాత్రం వదిలేయొద్దు.

అపోహ: ఎన్‌టీసీ (వేడెక్కితే రెసిస్టెన్స్ తగ్గే థర్మిస్టర్) ఒకటి పెడితే చాలు.

వాస్తవం: చల్లగా ఉన్నప్పుడే పనిచేస్తుంది. మన దగ్గర కరెంటు పోయి మూడు సెకన్లకే వస్తుంది. అప్పటికి అది వేడిగానే ఉంటుంది, అడ్డుపడదు. రిలేతో బైపాస్ చేస్తే చల్లారుతుంది.

అపోహ: జీరో క్రాసింగ్ సాలిడ్ స్టేట్ రిలే పెడితే మెత్తగా ఎక్కుతుంది.

వాస్తవం: హీటర్‌కు మంచిది. అది వోల్టేజ్ సున్నా దాటేటప్పుడే కలుపుతుంది, ట్రాన్స్‌ఫార్మర్‌కు అన్నిటికన్నా చెడ్డ క్షణం అదే.

అపోహ: ట్రిప్ అవుతుందంటే లోపల షార్ట్.

వాస్తవం: భయపడి వైండింగ్ విప్పించకండి. నాలుగుసార్లు ఆన్ చేస్తే ఒకసారి పడడం ఇన్‌రష్ లక్షణం. సెకండరీ (లోడ్ వైపు) వైర్లు తీసేసి, 100 వాట్ల ఫిలమెంట్ బుగ్గ (బల్బు) ప్రైమరీకి సిరీస్‌లో పెట్టి సప్లై ఇవ్వండి. బుగ్గ మసకబారితే వైండింగ్ బాగున్నట్టే, పూర్తిగా వెలిగితే షార్ట్. ఎర్త్ లీకేజీ బుగ్గకు దొరకదు, దానికి 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటర్) కావాలి.

లోడ్ తీసేస్తే ఇన్‌రష్ ఉండదన్నది తప్పు, అది కోర్‌ది, లోడ్‌ది కాదు. బిల్లు పెరుగుతుందన్నదీ తప్పు, సెకనులో చిన్న ముక్క అది.

ఒకే మెయిన్ మీద మూడు నాలుగు ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటే కరెంటు రాగానే అన్నీ ఒక్కసారే లాగుతాయి. ఒక్కోదానికి కాంటాక్టర్, ఆన్ డిలే టైమర్ పెట్టి 2, 5, 8 సెకన్లకు సెట్ చేయండి, పెద్దది ముందు.