ఇంపాక్ట్ డ్రైవర్ కొనేముందు: అపోహలు - వాస్తవాలు

మాది ఇంటీరియర్ పని. స్క్రూలు బిగించే బ్యాటరీ మెషిన్ ఇంపాక్ట్ డ్రైవర్‌ను మా చేతిలో చూసి, ఇంటికి అలాంటిదే కొంటామనేవాళ్లు చాలామంది.

అపోహ: పేరులోనే ‘ఇంపాక్ట్’ ఉంది కదా, గోడకు రంధ్రాలు పెట్టేస్తుంది.

డబ్బులు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. ఇంపాక్ట్ డ్రిల్లు దెబ్బను ముందుకు, గోడలోకి కొడుతుంది. ఇంపాక్ట్ డ్రైవర్‌లో ఉండే చిన్న సుత్తి మాత్రం బిట్టు తిరిగే దిశలోనే కొడుతుంది. ఆ దెబ్బకు స్క్రూ తిరుగుతుంది తప్ప కాంక్రీటు పగలదు. కర్టెన్ రాడ్డు కోసం ఇటుక గోడలో 8 ఎంఎం రంధ్రానికి ఇంపాక్ట్ డ్రిల్లు చాలు. లింటెలో, పిల్లరో, స్లాబో అడ్డొస్తే కాంక్రీటుకు వాడే పెద్ద డ్రిల్లు, ఎస్‌డీఎస్ రోటరీ హామర్ అద్దెకు తెచ్చుకోండి.

ఇంపాక్ట్ డ్రైవర్‌కు బిట్టును బిగించి పట్టుకునే మూడు దవడల చక్ కూడా ఉండదు. పావు అంగుళం ఆరు పలకల బిట్లే పడతాయి, ఇంట్లో ఉన్న గుండ్రటి బిట్లు పట్టవు. కానీ టేకు చెక్కలోకి 3 అంగుళాల స్క్రూ దించాలన్నా, షెడ్డు రేకులకు సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూలు కొట్టాలన్నా దీన్ని మించింది లేదు. మణికట్టు మెలిపడదు.

అపోహ: వోల్టులు పెరిగితే బలం పెరుగుతుంది.

‘20 వోల్ట్ మ్యాక్స్’, 18 వోల్టులు ఒకటే. రెండింటిలోనూ వరసగా 5 లిథియం సెల్లులే. పని మీద ఒక్కోటి 3.6 వోల్టులు, ఫుల్ చార్జిలో 4 పైన. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే, ‘88 వీఎఫ్’ అని రాసి ఉండే మెషిన్ల సంగతి మీరే లెక్కేయండి: నిజంగా 88 వోల్టులు రావాలంటే పాతిక సెల్లులు వరసగా కావాలి. అరచేతిలో పట్టే బ్యాటరీలో అవెక్కడ దాగాయి?

అపోహ: టార్క్ (తిప్పే బలం) ఎంత ఉంటే అంత మంచిది.

12 వోల్టులవే 100 న్యూటన్ మీటర్ల దాకా ఇస్తాయి, ఇంటికి అదే ఎక్కువ. కప్‌బోర్డు హింజ్ స్క్రూ పార్టికల్ బోర్డులో బిగిస్తూ ట్రిగ్గర్ ఒక్క క్షణం ఎక్కువ నొక్కారా, గాడి పోయి స్క్రూ ఊరికే తిరుగుతుంది. జిప్సం బోర్డు నల్ల స్క్రూలైతే పుటుక్కున విరుగుతాయి. రంధ్రాలూ పెట్టి స్క్రూలూ బిగించే డ్రిల్ డ్రైవర్‌కు, పెట్టిన బలం దాటగానే తిప్పడం ఆపే క్లచ్ రింగు ఉంటుంది; అది చాలా ఇంపాక్ట్ డ్రైవర్లకు ఉండదు మరి. అందుకే ఒక్కటే కొంటామంటే హామర్ మోడ్ (గోడలోకి దెబ్బ కొట్టే సెట్టింగు) ఉన్న డ్రిల్ డ్రైవర్ తీసుకోమంటాను. అదే బ్యాటరీకి సరిపడే ఇంపాక్ట్ డ్రైవర్ బాడీ తర్వాత విడిగా కొనుక్కోవచ్చు.

అపోహ: బ్రష్‌లెస్ (మోటారులో కార్బన్ బ్రష్‌లు లేనిది) కాకపోతే దండగ.

రోజూ వాడే మాకు నిజమే. ఎప్పుడో పండక్కోసారి తీసే ఇంటికి కార్బన్ బ్రష్‌లది చాలు. మిగిలిన డబ్బు దెబ్బలు తట్టుకునే ఇంపాక్ట్ రేటెడ్ బిట్లకూ, చెవుల ప్లగ్గులకూ పెట్టండి. దెబ్బ మొదలైతే ఆ మోత మామూలుగా ఉండదు.