మొకొకొరి చేజారడం వెనుక: హిరాన్ తెగలు ఎందుకు తిరగబడ్డాయి, ఎక్కడ ఒంటరయ్యాయి

2025 ఏప్రిల్‌లో అదన్ యబాల్, జూలైలో హిరాన్ ప్రాంతంలోని మొకొకొరి. మధ్య సోమాలియాలో ఒక్కో ఊరూ మళ్లీ సాయుధ ఇస్లామిస్టు ముఠా అల్-షబాబ్ చేతికి పోవడంతో పాత తగవు రాజుకుంది. ప్రభుత్వం పక్షాన పోరాడిన స్థానిక తెగల యోధులు చతికిలబడ్డారన్నది ఒక వాదన. ముందు నిలబడింది మేము, వెనక్కి తగ్గింది ప్రభుత్వం అన్నది హిరాన్ తెగల మాట.

అల్-షబాబ్ ఎలా పుట్టిందో, 2011లో రాజధాని మొగదిషును ఎలా వదులుకుందో చాలాసార్లు రాశారు. ఇప్పటి తగవుకు వేరు 2022 సెప్టెంబరు మొదటి వారంలో ఉంది. హిరాన్ ముఖ్య పట్టణం బెలెద్వేయ్నె నుంచి మహాస్ ఊరికి తిండి సరుకులు తీసుకెళ్తున్న లారీలను అల్-షబాబ్ మనుషులు రాత్రిపూట దారికాచి తగలబెట్టారు. కనీసం 18 మందిని చంపేశారు. వాళ్లలో ఆడవాళ్లు, పిల్లలూ ఉన్నారు. సైన్యానికి సాయం చేస్తున్న తెగ మనుషులనే చంపామని అల్-షబాబ్ సమర్థించుకుంది.

అప్పటికే వరుసగా నాలుగు వానకాలాలు ముఖం చాటేశాయి. ఆ ఒక్క ఏడాదిలోనే కరువు వల్ల అదనంగా 43,000 మంది చనిపోయి ఉంటారని, వాళ్లలో సగం ఐదేళ్లలోపు పిల్లలే కావచ్చని ఐక్యరాజ్యసమితి సంస్థలతో కలిసి చేసిన అధ్యయనం తర్వాత లెక్కగట్టింది. అలాంటి రోజుల్లో తిండి లారీని కాల్చడమంటే ఊరి నోటికాడి కూడు లాక్కోవడమే. హిరాన్‌లోని హవాద్లె తెగలో అంతవరకూ తటపటాయించినవాళ్లు కూడా తుపాకులు పట్టింది ఆ తర్వాతే.

కోపం మాత్రం ఒక్క రాత్రిలో పుట్టింది కాదు. ఒంటెలు, మేకలు చస్తున్నా జకాత్ (మతపరమైన దానం) పేరుతో అల్-షబాబ్ వసూళ్లు ఆగలేదు. అంతకు ముందు 2017లో ఇంకో దెబ్బ తగిలింది. పల్లెల్లో పెద్దలను, మదరసా గురువులను పిలిచి, పిల్లలను తమకు అప్పగించమని అల్-షబాబ్ హుకుం జారీ చేసింది. ఎనిమిదేళ్ల పిల్లలనూ వదల్లేదు. కొడుకుల్ని దాచిపెట్టి రాత్రికి రాత్రి ఊళ్లు వదిలిన కుటుంబాలు ఎన్నో. హిరాన్, మధ్య షబెలె ప్రాంతాల్లో మకావిస్లీ దళాలు తలెత్తింది ఆ రోజుల్లోనే. మకావిస్ అనే లుంగీలు కట్టి, సొంత డబ్బుతో తూటాలు కొనుక్కుని కాపలా కాసిన పశువుల కాపరులు వాళ్లు.

ఈ వరస ముఖ్యం. అధ్యక్షుడు హసన్ షేక్ మొహముద్ సర్వశక్తులతో యుద్ధం చేస్తామని ప్రకటించింది 2022 ఆగస్టులో, మొగదిషులోని హయాత్ హోటల్ ముట్టడి తర్వాత. దానికి రెండు నెలల ముందే పక్క రాష్ట్రం గల్ముదుగ్‌లోని బాహ్దో జనం తమ ఊరి మీదికొచ్చిన అల్-షబాబ్‌ను తరిమికొట్టారు. సైన్యం వెంట జనం నడిచారనడం సరికాదు, జనం లేచాక సైన్యం వచ్చింది.

ఆ కలయిక ఫలించింది. డిసెంబరుకల్లా అదన్ యబాల్, 2023 జనవరిలో హరర్దెరె ప్రభుత్వ పక్షానికి వచ్చాయి. ప్రతీకారం మాత్రం తెగల ఊళ్ల మీదే పడింది. 2022 అక్టోబరులో బెలెద్వేయ్నెలో, 2023 జనవరిలో మహాస్‌లో కారు బాంబులు పేలాయి.

ఆ తర్వాత జరిగిందానికి నా దృష్టిలో క్షమాపణ లేదు. 2023 జూన్‌లో, తెగల యోధులతో కలిసి పోరులో ముందున్న హిరాన్ గవర్నర్ అలీ జైతే ఉస్మాన్‌ను హిరాన్ ఉన్న హిర్షబెలె రాష్ట్ర అధ్యక్షుడు అలీ గూద్లావె తప్పించారు. తూటాలు శత్రువు మీదికి పోవాల్సిన టైమ్‌లో హిరాన్, రాష్ట్ర ప్రభుత్వం ఒకరితో ఒకరు తలపడ్డాయి. ఆగస్టులో కౌస్వెయ్నె సైనిక స్థావరం మీద అల్-షబాబ్ దాడి జరగగానే సైన్యం గల్ముదుగ్‌లో గెలిచిన ఊళ్లను ఒకదాని వెంట ఒకటి ఖాళీ చేసింది. అక్కడ మిగిలినవాళ్లు, సైన్యాన్ని నమ్మి అల్-షబాబ్‌కు ఎదురుతిరిగిన జనమే.

గాలికి పుట్టిన దళాలు ఎవరి మాటా వినవని, చెక్‌పోస్టుల దగ్గర వసూళ్లకు దిగుతాయని, పాత తెగ కక్షలు రేగుతాయని ప్రభుత్వ వర్గాల భయం. అందులో కొంత నిజముంది. కానీ వాటిని సైన్యంలో కలుపుకుని జీతాలిచ్చే పని చేయాల్సింది ఎవరు? అధ్యక్షుడు అదన్ యబాల్ వెళ్లి కమాండర్లను కలిసి నెల తిరక్కుండానే ఆ ఊరు పోయింది. ఆ ఊరి జనాన్ని రేపు మళ్లీ తుపాకీ పట్టమని అడగాలంటే, గెలిచిన తర్వాత ఎవరు కాపలా ఉంటారో ముందు చెప్పాలి.